'డేటా భద్రంగానే ఉంది' అంటే ఏం చెప్పినట్టు? సర్వర్ డిస్కులు మొరాయిస్తే మన రికార్డులకు ఏమవుతుంది?

మీసేవ కౌంటర్ దగ్గరైనా, సబ్‌ రిజిస్ట్రార్ ఆఫీసులోనైనా, రేషన్ షాపులోనైనా మనకు బాగా అలవాటైపోయిన మాట ఒకటుంది: 'సర్వర్ డౌన్'. విసుక్కుంటాం, మర్నాడు వచ్చి పని చేయించుకుంటాం. ఆ విసుగు వెనక ఒక భరోసా కూడా ఉంది. యంత్రం ఇవాళ మొరాయించింది కానీ మన రికార్డు ఎక్కడికీ పోలేదని మన నమ్మకం.

ఆ నమ్మకం వమ్మయిన సంఘటన 2025లో దక్షిణ కొరియాలో జరిగింది. సెప్టెంబరు 26న డేజాన్ నగరంలోని ప్రభుత్వ డేటా సెంటర్‌లో లిథియం అయాన్ బ్యాటరీలను తరలించే పనులు జరుగుతుండగా మంటలు చెలరేగాయి. తొలుత 647 ప్రభుత్వ వ్యవస్థలు ఆగిపోయాయి. వాటిలో చాలావరకు తర్వాత దశలవారీగా తిరిగి వచ్చాయి. రానిది 'జీ డ్రైవ్'. ప్రభుత్వ ఉద్యోగులు తమ ఆఫీసు ఫైళ్లు దాచుకునే ఉమ్మడి అల్మారా లాంటిది అది. ఒక్కొక్కరికి 30 జీబీ చోటు ఇచ్చారు. మొత్తం 858 టెరాబైట్లు బూడిదైంది. వేరే చోట దానికి ప్రతి లేదు. అంత పెద్ద పరిమాణం కావడంతో బయట బ్యాకప్ పెట్టలేకపోయామన్నది అధికారుల వివరణ. ఫైళ్లను ఆఫీసు కంప్యూటర్లలో కాకుండా అందులోనే పెట్టుకోమని ఉద్యోగులకు చెప్పింది కూడా ప్రభుత్వమే.

మంట అయితే అందరికీ కనిపిస్తుంది. సైరన్ మోగుతుంది, ఫైరింజన్ వస్తుంది, మంత్రి క్షమాపణ చెబుతారు. కానీ సర్వర్లలోని డిస్కులకు వచ్చే జబ్బుల్లో చాలా వాటికి ఏ సైరనూ మోగదు. మన రికార్డుల విషయంలో ఎక్కువగా పట్టించుకోవాల్సింది వాటినే.

డిస్కులను గుంపుగా ఎందుకు పెడతారు?

హార్డ్ డిస్కు అరిగిపోయే వస్తువు. లక్షల డిస్కులు నడిపే బ్యాక్‌బ్లేజ్ అనే అమెరికన్ క్లౌడ్ సంస్థ ఏటా తన లెక్కలు బయటపెడుతుంది. దాని ప్రకారం 2023లో 1.70 శాతం, 2024లో 1.57 శాతం చొప్పున డిస్కులు పాడయ్యాయి. మీ ల్యాప్‌టాప్‌లో ఒక్క డిస్కే ఉంటుంది కాబట్టి ఇది చిన్న సంఖ్యగా కనిపిస్తుంది. వెయ్యి డిస్కులున్న డేటా సెంటర్‌లో మాత్రం దీని అర్థం నెలకు ఒకటికి పైగా డిస్కులు పోతుంటాయని. అక్కడ డిస్కు చెడిపోవడం ప్రమాదం కాదు, రోజువారీ వ్యవహారం.

అందుకే ఒకే డిస్కును నమ్ముకోరు. కాలిఫోర్నియాలోని బర్క్‌లీ యూనివర్సిటీకి చెందిన డేవిడ్ ప్యాటర్సన్, గార్త్ గిబ్సన్, ర్యాండీ కట్జ్ 1988లో ప్రతిపాదించిన పద్ధతి ఇవాళ దాదాపు ప్రతి సర్వర్ గదిలోనూ ఏదో ఒక రూపంలో ఉంది. దాని పేరు రెయిడ్. చవకైన డిస్కులను గుంపుగా చేర్చి, వాటిలో ఒకటి పోయినా డేటా పోకుండా చూడటం దాని ఉద్దేశం.

లోపల జరిగేది మనకు తెలిసిన లెక్కే అనుకోండి. మొదటి డిస్కులో 24, రెండో డిస్కులో 31 ఉన్నాయి. మూడో డిస్కులో వాటి మొత్తం, 55 రాసి పెడతారు. రెండో డిస్కు కాలిపోతే 55లోంచి 24 తీసేస్తే 31 మళ్లీ వచ్చేస్తుంది. అసలు యంత్రం వాడేది కూడిక కాదు, దానికి దగ్గరి చుట్టమైన ఇంకో లెక్క. కిటుకు మాత్రం ఇదే. ఇలా ఒక డిస్కు పోయినా తట్టుకునేది రెయిడ్ 5. రెండు పోయినా తట్టుకునేలా రెండు రకాల మొత్తాలు రాసి పెట్టేది రెయిడ్ 6.

పాడైన డిస్కు తీసేసి, కొత్తది పెడితే యంత్రం లెక్కలు కట్టి దాన్ని నింపేస్తుంది. కౌంటర్ దగ్గర నిలబడిన మీకు ఆ సంగతి తెలియను కూడా తెలియదు. అధికారులు 'డేటా భద్రంగానే ఉంది' అన్నప్పుడు చాలాసార్లు వాళ్ల మనసులో ఉండేది ఈ ఏర్పాటే. అబద్ధమేమీ కాదు. సగం నిజం.

డిస్కు చెడిపోకుండానే తప్పు చెబితే?

పై లెక్కకే మళ్లీ వద్దాం. రెయిడ్ ఒక డిస్కు పోయిందని తెలిసినప్పుడే సాయం చేయగలదు. ఏ డిస్కూ పోలేదు, అన్నీ పచ్చ లైటుతో వెలుగుతున్నాయి. కానీ మొదటి డిస్కులో 24 ఉండాల్సిన చోట 26 వచ్చి కూర్చుంది. 26కి 31 కలిపితే 57. మూడో డిస్కులో ఉన్నది 55. ఎక్కడో తేడా ఉందని తెలుస్తుంది, అది కూడా ఎవరైనా కూడి చూస్తేనే. మూడింటిలో తప్పు చెబుతున్నది ఏదో ఆ లెక్క చెప్పలేదు. పైగా రోజువారీ పనిలో చాలా వ్యవస్థలు కూడి చూడవు. మొదటి డిస్కును అడుగుతాయి, అది 26 అంటుంది, అదే మీ స్క్రీన్ మీదికి వస్తుంది.

ఇది ఊహాగానం కాదు. విస్కాన్సిన్, టొరంటో యూనివర్సిటీల పరిశోధకులు నెట్‌యాప్ సంస్థతో కలిసి దాదాపు 15.3 లక్షల డిస్కులను 41 నెలలపాటు గమనించి 2008లో ఫలితాలు వెల్లడించారు. రాసిన డేటాకూ, చదివితే వచ్చిన డేటాకూ పొంతన కుదరని సందర్భాలు 4 లక్షలకు పైగా తేలాయి. అదే అధ్యయనంలో మరో సంగతి కూడా బయటపడింది. వాడకం మొదలైన తొలి 17 నెలల్లో ఖరీదైన ఎంటర్‌ప్రైజ్ డిస్కుల్లో 0.06 శాతానికి ఈ జబ్బు వస్తే, చవక రకం డిస్కుల్లో 0.66 శాతానికి వచ్చింది. అంటే పదకొండు రెట్లు. తక్కువ ధర కోట్ చేసినవాళ్లకే టెండర్ ఇచ్చే చోట ఈ అంకె గోడకు అంటించుకోదగ్గది.

ఇది సినిమా ఫైలుకు జరిగితే ఒక ఫ్రేమ్‌లో చిన్న మచ్చ కనిపిస్తుంది. ఆస్తి రికార్డుకు జరిగితే?

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1998లో 'కార్డ్' ప్రాజెక్టుతో రిజిస్ట్రేషన్ ఆఫీసుల కంప్యూటరీకరణ మొదలైంది. ఇవాళ రెండు రాష్ట్రాల్లోనూ 1983 నుంచి జరిగిన లావాదేవీల ఈసీ ఆన్‌లైన్‌లో చూసుకోవచ్చు. 1987లో ఒక తాత కొన్న స్థలాన్ని తీసుకోండి. ఆ ఎంట్రీ ఒకసారి ఎక్కించాక మళ్లీ ఎప్పుడు తెరుస్తారు? మనవడు అమ్మకానికి పెట్టినప్పుడో, బ్యాంకు లోన్‌కు వెళ్లినప్పుడో. మధ్యలో పదేళ్లు, ఇరవై ఏళ్లు దాన్ని ఎవరూ అడగరు. బ్యాంకు ఖాతాలో తప్పు పడితే సాయంత్రానికల్లా ఎస్‌ఎంఎస్ చూసి ఫోన్ చేస్తారు. ఎవరూ తెరవని రికార్డులో తప్పు పడితే, అవసరం పడిన రోజునే అది బయటపడుతుంది. అప్పటికి పాత బ్యాకప్‌లను చెరిపేసి వాటి మీద కొత్తవి రాసేసి ఉంటారు, వాటిలోకి కూడా అదే తప్పు చేరి ఉంటుంది.

మన రాష్ట్రాల రికార్డులకు ఇలా జరిగిందని చెప్పడం లేదు. జనన ధ్రువీకరణ, భూమి, పింఛను లాంటి ప్రభుత్వ రికార్డుల స్వభావమే ఇది: ఎక్కువ కాలం దాచాలి, చాలా అరుదుగా తెరుస్తారు. డిస్కుల మౌన దోషాలకు సరిగ్గా ఇలాంటి డేటానే అనువైన చోటు.

ఆధార్ చివరి అంకె చేసే పని

దీనికి మందు ఉంది, అది కొత్తదీ కాదు. మీ ఆధార్ నంబరులో 12వ అంకె మిగతా 11 అంకెల నుంచి లెక్కగట్టి పెట్టింది. మధ్యలో ఒక అంకె తప్పు కొట్టారంటే వెబ్‌సైట్ వెంటనే 'చెల్లని నంబరు' అంటుంది. ఎవరి డేటాబేస్‌నూ అడగక్కర్లేదు, నంబరే తన తప్పు తాను చెప్పేసుకుంటుంది. డిస్కు మీద రాసే ప్రతి ముక్కకూ ఇలాంటి ముద్ర వేయొచ్చు. దాన్ని చెక్‌సమ్ అంటారు. జెడ్‌ఎఫ్‌ఎస్ లాంటి ఫైల్ సిస్టమ్‌లు, పెద్ద కంపెనీల స్టోరేజ్ యంత్రాలు ఈ పని చేస్తాయి. అప్పుడు మన లెక్కలో 26 అన్న డిస్కు దొరికిపోతుంది. తప్పు ఎవరిదో తెలిసింది కాబట్టి 55లోంచి 31 తీసేసి అసలు 24ను రాబట్టొచ్చు.

అయితే ముద్ర వేయడంతో పని అయిపోలేదు, దాన్ని సరిచూడాలి. పాత తాలూకాఫీసుల్లో రికార్డు గది ఉండేది. కట్టలు కట్టి పెట్టిన దస్తావేజులను ఎప్పటికప్పుడు దించి, దులిపి, చెద పట్టిందేమో చూసేవాళ్లు. సర్వర్ లోకంలో దాన్ని స్క్రబ్బింగ్ అంటారు. ఎవరూ అడగకపోయినా యంత్రం తీరిక వేళల్లో ప్రతి డిస్కునూ మొదటి నుంచి చివరిదాకా చదివి, ముద్రలు సరిచూసి, తేడా వస్తే సరిదిద్దుతుంది. ఇది ఎంత అవసరమో 2007 నాటి మరో అధ్యయనం చెబుతోంది. ఆ 15.3 లక్షల డిస్కుల్లోనే 32 నెలల్లో 3.45 శాతం డిస్కుల్లో చదవలేని మచ్చలు ఏర్పడ్డాయి. ఆ మచ్చల్లో 60 శాతానికి పైగా బయటపడింది ఇలా ఊరికే చదివి చూడటం వల్లే.

స్క్రబ్బింగ్ నడుస్తుంటే డిస్కులు కొంచెం మెల్లగా పనిచేస్తాయి. సైట్ నెమ్మదిగా ఉందని ఫిర్యాదులొచ్చే చోట దాన్ని వాయిదా వేయాలనిపిస్తుంది. చెద తనిఖీ వాయిదా వేసినా మర్నాడేమీ కాదు కదా.

అన్నీ ఒకేసారి పోతే?

ఒక డిస్కు పోయాక కొత్తది నింపే సమయమే గుంపుకు గండం. 20 టీబీ డిస్కును సెకనుకు 250 మెగాబైట్ల వేగంతో ఆగకుండా నింపినా 22 గంటలు పడుతుంది. మరోపక్క ప్రజల పనులు కూడా అవే డిస్కుల మీద నడుస్తుంటాయి కాబట్టి ఆచరణలో రోజులు పట్టొచ్చు. అంతసేపూ మిగిలిన డిస్కులన్నింటినీ అంచెలంచెలుగా పూర్తిగా చదవాలి. మామూలు డిస్కుల తయారీదారులు ఇచ్చే హామీ ఏమిటంటే, 100 లక్షల కోట్ల బిట్లు చదివితే ఒకచోట చదవలేని పరిస్థితి రావొచ్చని. లెక్కేస్తే అది 12.5 టీబీ. ఖరీదైన రకాలకు దానికి పదింతలు. నిజానికి చాలా డిస్కులు ఈ హామీ కన్నా మెరుగ్గానే పనిచేస్తాయి. కానీ 12 టీబీ డిస్కులు ఎనిమిది ఉన్న గుంపులో ఒకటి పోతే మిగతా ఏడింటి నుంచి 84 టీబీ చదవాలి. ఎప్పుడూ స్క్రబ్బింగ్ చేయని గుంపులో పాత మచ్చ ఒక్కటి తగిలినా, రెయిడ్ 5లో ఆ ముక్క పోయినట్టే. ఇందాకటి 2008 అధ్యయనంలో దొరికిన తేడాల్లో సగటున 8 శాతం సరిగ్గా ఇలా కొత్త డిస్కును నింపుతున్నప్పుడే బయటపడ్డాయి.

ఇంకో చిక్కు. లెక్కలన్నీ ఒక డిస్కు పోవడానికీ ఇంకోటి పోవడానికీ సంబంధం లేదన్న ఊహ మీద నడుస్తాయి. కానీ ఒకే టెండర్‌లో, ఒకే కంపెనీ నుంచి, ఒకే బ్యాచ్‌లో కొన్న డిస్కులు ఒకే రోజు స్విచ్ ఆన్ అవుతాయి. 2019 నవంబరులో హెచ్‌పీఈ కంపెనీ తన కస్టమర్లకు ఒక హెచ్చరిక పంపింది. కొన్ని మోడళ్ల ఎస్‌ఎస్‌డీలు సరిగ్గా 32,768 గంటలు నడిచాక చచ్చిపోతాయనీ, ఆ తర్వాత అందులోని డేటా తిరిగి రాదనీ దాని సారాంశం. అంటే 3 ఏళ్ల 270 రోజుల 8 గంటలు. సాఫ్ట్‌వేర్‌లోని ఒక లోపం అందుకు కారణం. 2020 మార్చిలో 40,000 గంటల గడువుతో ఇంకో రకం ఎస్‌ఎస్‌డీల మీద ఇలాంటి హెచ్చరికే వచ్చింది. ఆ మోడల్ డిస్కులు ఎనిమిది ఒకే రోజు మొదలెట్టి, ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేయకుండా వదిలేస్తే రెయిడ్ 6 కూడా చేయగలిగింది లేదు. రెండు పోతే తట్టుకుంటుంది, ఎనిమిదీ పోతే ఎలా?

800లో పన్నెండు

ఇవన్నీ కలిసొస్తే ఎలా ఉంటుందో ఆస్ట్రేలియా ఆదాయపు పన్ను శాఖకు 2016 డిసెంబరులో తెలిసొచ్చింది. సిడ్నీలోని దాని ప్రధాన స్టోరేజ్ యంత్రం కుప్పకూలింది. పన్ను కట్టేవాళ్లకూ, వాళ్ల ఏజెంట్లకూ రోజుల తరబడి ఆన్‌లైన్ సేవలు అందలేదు. యంత్రం చవకబారుదేమీ కాదు, ఏడాది క్రితమే పెట్టింది.

విచారణలో తేలినవి చూస్తే ఒక్కటీ ఘోర తప్పిదంలా అనిపించదు. ఫైబర్ కేబుళ్లు సరిగ్గా బిగించలేదు. డిస్కుల్లోని సాఫ్ట్‌వేర్ లోపం వల్ల కొంత డేటా చదవడానికి వీల్లేకుండా పోయింది. తయారీ కంపెనీకి నేరుగా సమాచారం పంపే పర్యవేక్షణ సదుపాయాన్ని ఆన్ చేయలేదు. యంత్రాన్ని గట్టిదనం కన్నా వేగానికే ప్రాధాన్యమిస్తూ అమర్చారు. మొత్తం 800 డిస్కుల్లో పాడైనవి 12 మాత్రమే. అవే శాఖలోని చాలా వ్యవస్థలను ఆపేశాయి.

నాకు ఎక్కువ ఆశ్చర్యం కలిగించింది వేరే. తిరిగి లేపడానికి వాడాల్సిన సాధనాలను కూడా అదే యంత్రంలో దాచారు. తాళం పోతే తీయడానికి పెట్టుకున్న మారుతాళం బీరువా లోపలే ఉన్నట్టు. యంత్రం ఇబ్బందుల్లో ఉందన్న సూచనలు అంతకు ముందు ఆరు నెలల లాగ్‌లలోనూ కనిపించాయి, కొన్ని కేబుళ్లు మార్చారు కూడా. పన్ను చెల్లింపుదారుల డేటా ఏదీ పోలేదని శాఖ ప్రకటించింది. అది నిజంగా గట్టెక్కడమే. కానీ 2017 ఫిబ్రవరిలో, ఆ కేబుళ్ల మరమ్మతుల సమయంలోనే అదే యంత్రం మరోసారి ఆగిపోయింది.

'బ్యాకప్ ఉంది' అన్నప్పుడు అడగాల్సింది

రెయిడ్ బ్యాకప్ కాదు. ఉద్యోగి పొరపాటున ఒక ఫైలు చెరిపేస్తే రెయిడ్ ఆ చెరిపివేతను కూడా అంతే నమ్మకంగా అన్ని డిస్కుల్లో అమలు చేస్తుంది. రాన్సమ్‌వేర్ తాళం వేసినా అంతే. 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ మీద సైబర్ దాడి జరిగినప్పుడు రోగుల నమోదు నుంచి రిపోర్టుల దాకా చేత్తో రాసుకోవాల్సి వచ్చింది. చివరికి ఈ-హాస్పిటల్ డేటా తిరిగి వచ్చింది దాడి సోకని ఒక బ్యాకప్ సర్వర్ నుంచే. ఎన్ని డిస్కులు గుంపుగా ఉన్నా అది వాటివల్ల అయ్యే పని కాదు.

అలాగని బ్యాకప్ ఉన్నంత మాత్రాన సరిపోదు. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అనే సాఫ్ట్‌వేర్ సంస్థలో ఒక ఇంజనీరు పొరపాటున అసలు డేటాబేస్‌నే చెరిపేశారు. డేటాను కాపాడే ఏర్పాట్లు ఐదు రకాలున్నాయి, ఒక్కటీ అక్కరకు రాలేదు. రోజూ జరగాల్సిన బ్యాకప్ విఫలమవుతోంది. ఆ సంగతి చెప్పే ఈమెయిళ్లు దారిలోనే తిరస్కరణకు గురయ్యాయి, ఎవరికీ చేరలేదు. అంతకు ఆరు గంటల ముందు ఒక ఉద్యోగి వేరే పని కోసం అనుకోకుండా తీసి పెట్టుకున్న కాపీయే వాళ్లను ఆదుకుంది. ఆ సంస్థ ఇదంతా దాచకుండా బయటపెట్టింది కాబట్టి మనకు తెలిసింది. ప్రభుత్వ శాఖలకు ఆ అలవాటు తక్కువ.

కేంద్ర ప్రభుత్వ ఎన్‌ఐసీకి ఢిల్లీ, పుణె, హైదరాబాద్, భువనేశ్వర్‌లలో జాతీయ డేటా సెంటర్లున్నాయి. ఒక నగరంలోని డేటాకు ఇంకో నగరంలో ప్రతి పెట్టే సదుపాయం ఉంది. ఏ శాఖ దాన్ని వాడుకుంటోంది, ఎంత తరచుగా, తిరిగి తెచ్చి చూసిందా అన్నవి వేరే ప్రశ్నలు. సమాచార హక్కు చట్టం కింద వీటిని అడగొచ్చు. సర్వర్లు ఎక్కడున్నాయి, ఏ కంపెనీవి అని అడిగితే భద్రతా కారణాలు చూపి తోసిపుచ్చే వీలుంది. తేదీలు అడగండి: బ్యాకప్ నుంచి డేటాను తిరిగి తెచ్చే పరీక్ష చివరిసారి ఎప్పుడు చేశారు? అందులో ఎన్ని గంటలు పట్టింది? డిస్కులన్నింటినీ చదివి సరిచూసే పని చివరిసారి ఎప్పుడు పూర్తయింది? అసలు డేటా పోతే ఎన్ని గంటల ఎంట్రీలు వదులుకోవాల్సి వస్తుంది? తేదీ వేసి జవాబిస్తే మంచిదే. 'తగిన చర్యలు తీసుకుంటున్నాం' అని వస్తే అప్పీలుకు వెళ్లండి.

మీ సొంత కాగితాల మాటకొస్తే, చాలామంది డిజిలాకర్‌లో కనిపిస్తోంది కాబట్టి ఒక కాపీ ఉన్నట్టే అనుకుంటారు. అందులో 'ఇష్యూడ్ డాక్యుమెంట్స్' కింద కనిపించేవి మామూలుగా అక్కడ దాచినవి కావు. మీరు నొక్కినప్పుడు ఆయా శాఖల సర్వర్ నుంచి తెచ్చి చూపించేవి. శాఖ దగ్గర పోతే అక్కడా పోయినట్టే. జనన ధ్రువీకరణ, ఈసీ, మార్కుల మెమోలాంటి వాటిని డిజిటల్ సంతకంతో ఉన్న పీడీఎఫ్‌గా దించుకుని, ఫోన్‌లో ఒకటి, ఈమెయిల్‌లోనో వేరే డిస్కులోనో ఇంకోటి పెట్టుకోండి. పెన్‌డ్రైవ్‌లో పెట్టి బీరువాలో పడేసి ఏళ్ల తరబడి మర్చిపోకండి. కరెంటు తగలకుండా ఎక్కువ కాలం ఉండిపోతే అవీ డేటాను కోల్పోవచ్చు. ఏడాదికోసారి కంప్యూటర్‌కు పెట్టి, ఫైలు తెరుచుకుంటోందో లేదో చూడండి.